రెండు వారాలు కాదు, రెండేళ్లు ఉండండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఈమధ్య వచ్చిన ఒక వ్యాసం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాలేజీ పిల్లలు కొంత డబ్బు కట్టి ఆఫ్రికాకో ఆగ్నేయాసియాకో వెళ్లి, రెండు వారాలు ఆసుపత్రిలోనో అనాథాశ్రమంలోనో వాలంటీరుగా పనిచేసి రావచ్చని, బయోడేటాలో అది బాగా పనికొస్తుందని అందులో రాశారు. పక్కన ఒక ఫొటో వేశారు. మన అమ్మాయి ఒకతె ఆఫ్రికా పసికందును రెండు చేతుల మీద ఎత్తుకుని కెమెరా వైపు నవ్వుతోంది. బిడ్డ తలకు ఉన్ని టోపీ ఉంది, ముక్కులో పాలగొట్టం ఉంది. అది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. ఆ బిడ్డ ఉండాల్సింది తల్లి రొమ్ము మీద. ఆ తల్లి ఫొటోలో ఎక్కడా లేదు. అది చూశాక రెండు రాత్రులు నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఉత్తరం పొడుగైతే క్షమించండి.

నేను నర్సును. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 27 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేశాను. చివరి 11 ఏళ్లూ నవజాత శిశువుల వార్డులోనే. 2022 జనవరి నుంచి 2024 డిసెంబరు దాకా ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక జిల్లా ఆసుపత్రిలో వాలంటీరుగా ఉన్నాను. వాలంటీరు అంటే మా వీధిలో వాళ్లకు మొదట అర్థం కాలేదు. అప్పట్లో మన రాష్ట్రంలో ఆ మాట అనగానే 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్లే గుర్తుకొచ్చేవాళ్లు. నాలాగా వేరే దేశం వెళ్లే వాలంటీర్లకు నెలనెలా బతకడానికి సరిపడే భత్యం, ఉండడానికి రెండు గదుల ఇల్లు, రానుపోను విమాన టికెట్టు, ఆరోగ్య బీమా ఇస్తారు. జీతమంటూ ఉండదు. నాకొచ్చిన భత్యం ఇక్కడి నా జీతంలో మూడో వంతు కూడా లేదు. అయినా అక్కడ దాంతో హాయిగా బతికాను.

మలావీ మొజాంబిక్, జాంబియా, టాంజానియాల నడుమ సన్నగా, పొడుగ్గా ఉండే దేశం. వైశాల్యంలో మన తెలంగాణ కంటే కొంచెమే పెద్దది. అందులో దాదాపు ఐదో వంతు ఒక పెద్ద సరస్సు. 1964 జూలై 6న బ్రిటిష్ వాళ్ల నుంచి స్వతంత్రం వచ్చింది. ఎక్కువమంది మాట్లాడేది చిచేవా భాష. మా ఆసుపత్రి దక్షిణాన, ములాంజె కొండ కనబడే చోట ఉంటుంది. 3,002 మీటర్ల కొండ అది, కింద కనుచూపుమేర తేయాకు తోటలు. జూన్, జూలై నెలల్లో మొజాంబిక్ వైపు నుంచి 'చిపెరోని' అని ఒక చలిగాలి వస్తుంది. మంచులాంటి సన్న జల్లుతో రోజుల తరబడి ఎండ ముఖం కనిపించదు. ధర్మవరం ఎండల్లో పెరిగిన నాకు ఆ చలి కొత్త. కిలోన్నర కూడా లేని బిడ్డకు అది ప్రాణం మీదికి వచ్చే చలి.

నన్ను పిలిచింది ఆ బిడ్డల కోసమే. 2012లో దేశదేశాల లెక్కలు తీసి ఒక నివేదిక వేశారు. నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మలావీలోనే అని అందులో తేలింది. నూటికి 18 మంది. అంతమందికి ఇంక్యుబేటర్లు ఎక్కణ్నుంచి తెస్తారు? తెచ్చినా కరెంటు ఉండాలి కదా. నేను వెళ్లిన నెలలోనే 'అనా' తుపాను వచ్చి షిరే నది మీది కపిచిరా జలవిద్యుత్ కేంద్రాన్ని దెబ్బతీసింది. దేశానికి వచ్చే కరెంటులో సుమారు మూడో వంతు ఒక్క రాత్రిలో పోయింది. నెలల తరబడి బాగుపడలేదు. అలాంటిచోట బిడ్డను బతికించేది తల్లి ఒంటి వెచ్చదనమే. బిడ్డను గుడ్డలు లేకుండా తల్లి రొమ్ముల మధ్య పెట్టి, పైన గుడ్డతో గట్టిగా కట్టేస్తారు. రాత్రీ పగలూ అలాగే. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన పద్ధతి ఇది. మనమూ కంగారూ మదర్ కేర్ అంటాం. పుట్టిన వెంటనే ఇలా కట్టుకుంటే తక్కువ బరువు బిడ్డల మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని 2021లో ఐదు దేశాల పరిశోధనలో తేలింది. ఆ అయిదింటిలో మలావీ ఒకటి, మన దేశం ఒకటి.

ఇదంతా నాకు తెలుసు. ఇక్కడ వందల మంది తల్లులకు నా చేతులతో కట్టాను. అందుకే నేర్పడానికి వెళ్తున్నానని అనుకున్నాను. మొదటి సంవత్సరం నా వల్ల ఆ వార్డుకు ఒరిగింది చాలా తక్కువ. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పొద్దున డ్యూటీకి వెళ్లగానే మంచం దగ్గర నిలబడి "టెంపరేచర్ ఎంత? పాలు ఎన్నిసార్లు పట్టారు?" అని అడిగేదాన్ని. మన దగ్గర అది శ్రద్ధ. అక్కడ అది మర్యాద తప్పడం. ఎవరితో ఏ మాట మాట్లాడాలన్నా ముందు "ములి బ్వాంజీ" అని క్షేమం అడగాలి. వాళ్లు "న్దిలి బ్వినో, కాయ ఇను" అని తమ క్షేమం చెప్పి మన క్షేమం అడగాలి. దానికి మనం జవాబు చెప్పాలి. అంతా అయ్యాక టెంపరేచర్. నేను ఈ వరస తప్పుతున్నానని నాతో పనిచేసే నర్సులు మూడు నెలలు ఎవరూ చెప్పలేదు. పెద్దదాన్నని ఊరుకున్నారు. వార్డులోకి వచ్చినప్పుడల్లా తల్లులు నన్ను చూసి ఎందుకు బిగుసుకుపోతున్నారో ఆ మూడు నెలలూ నాకు అంతుపట్టలేదు.

ఇంకొకటి చెప్తాను. ఇది నా మనసులోంచి ఎప్పటికీ పోదు.

మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో కొందరు తల్లులు బిడ్డను విప్పి మంచం మీద చిటెంజెలో చుట్టిపెట్టి బయటికి వెళ్లిపోయేవాళ్లు. చిటెంజె అంటే అక్కడి ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే రంగురంగుల నూలు గుడ్డ. గంట తర్వాత వచ్చి మళ్లీ కట్టుకునేవాళ్లు. ఆలోగా బిడ్డ ఒళ్లు చల్లబడేది. నేను కోప్పడేదాన్ని. నర్సుల చేత చెప్పించేదాన్ని. గోడకు బొమ్మల పోస్టరు అంటించాను. వారానికోసారి తల్లుల్ని కూర్చోబెట్టి క్లాసు చెప్పించాను. వాళ్లు తల ఊపేవాళ్లు. మర్నాడు మళ్లీ విప్పేవాళ్లు. నా దినచర్య పుస్తకంలో 'తల్లుల అశ్రద్ధ' అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఎనిమిది నెలలకు నాకు చిచేవాలో నాలుగు మాటలు పొందిగ్గా మాట్లాడడం వచ్చింది. ఒక సాయంత్రం ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక తల్లి బిడ్డను విప్పుతుంటే, కోప్పడకుండా ముందు క్షేమం అడిగి, పక్కన కూర్చుని "ఎక్కడికి?" అన్నాను. "నిప్పు దగ్గరికి" అంది. అక్కడి ఆసుపత్రుల్లో రోగికి తోడు ఒక మనిషి ఉండాలి. గార్డియన్ అంటారు. వండిపెట్టడం, బట్టలు ఉతకడం, నీళ్లు తేవడం ఆ మనిషి పని. ఆసుపత్రి వెనక వాళ్లకొక షెడ్డు ఉంటుంది, మూడు రాళ్ల పొయ్యిలు ఉంటాయి. ఈ అమ్మాయి గార్డియన్ వాళ్ల అమ్మ. మొక్కజొన్న పిండి అయిపోతే తేవడానికి రెండు రోజుల కిందట ఊరికి నడిచి వెళ్లింది. ఇంకా రాలేదు. తను వండుకోకపోతే తిండి లేదు, తినకపోతే పాలు లేవు. పొయ్యి దగ్గర పొగ. పొగలోకి బిడ్డను తీసుకెళ్తే ఊపిరాడదని మంచం మీద పెట్టి వెళ్తోంది.

అశ్రద్ధ కాదు. ఆ బిడ్డ గురించి నాకంటే ఎక్కువ ఆలోచించింది.

మర్నాడు మేట్రన్‌తో మాట్లాడాను. తల్లి వంటకు వెళ్లినప్పుడు బిడ్డను వార్డులో ఉన్న ఏ అమ్మమ్మయినా, ఏ గార్డియన్ అయినా తన రొమ్ముకు కట్టుకోవచ్చని పెట్టాం. అగోగో అంటారు అక్కడ అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని. వాళ్లు ఎంత సంబరంగా ముందుకొచ్చారో మాటల్లో చెప్పలేను. డెబ్బై ఏళ్ల ఒక ముసలమ్మ తనకేమీ కాని బిడ్డను కట్టుకుని, చేతులు చేర్చి పట్టుకుని, గంటసేపు కదలకుండా కూర్చుంది. ఒంటరిగా ఉన్న తల్లులకు వండిపెట్టడానికి షెడ్డులోని ఆడవాళ్లే వంతులు వేసుకున్నారు. ఒక్క పైసా ఖర్చు కాలేదు. కొత్త మిషను రాలేదు. పోస్టరు నేనే చించేశాను.

అది తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. 27 ఏళ్ల అనుభవమున్న నర్సుకు. రెండు వారాలకు వచ్చే పిల్లకు ఏం తెలుస్తుంది? ఆ పిల్ల తప్పేం లేదు. మంచి మనసుతోనే వస్తుంది. రెండు వారాలు అని చెప్పి డబ్బు కట్టించుకుని పంపేవాళ్లదే తప్పు.

నేనున్న మూడేళ్లలో అలాంటి బృందాలు రెండు వచ్చాయి. ఏ దేశం, ఏ సంస్థ అన్నది వదిలేస్తాను. ఒక బృందం ఆక్సిజన్ మిషను బహుమతిగా తెచ్చింది. మలావీలో కరెంటు మన దగ్గరలాగే 230 వోల్టులు. ఆ మిషను 110 వోల్టులది. వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు ఎవరో ప్లగ్గు మార్చి పెట్టారు. కాలిపోయింది. స్టోర్ రూములో రిబ్బను కూడా విప్పకుండా ఉంది ఇప్పటికీ. రెండో బృందం పిల్లలు చేతులు కడుక్కోకుండా బిడ్డల్ని ఎత్తుకోబోయారు. తల్లులు కాదనలేదు, దూరం నుంచి వచ్చిన అతిథులు కదా. నేనే అడ్డుపడ్డాను. నెలలు నిండని బిడ్డకు మన చేతి మీది సూక్ష్మక్రిమి చాలు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. గ్రహణం మొర్రి ఆపరేషన్లు చేసే సర్జన్లు వారం రోజులకు వచ్చి వెళ్తే మేలే జరుగుతుంది. ఆ పని వాళ్ల చేతిలో ఉంది, భాషతో అంత పని లేదు. నర్సు పని, టీచరు పని, ఊళ్లో తిరిగే పని అలాంటివి కావు. అవి మనుషుల మధ్య నలగాలి.

అక్కడ మనవాళ్లు లేరా అని అడుగుతారు. బ్లాంటైర్, లింబె ఊళ్లలో గుజరాతీ వ్యాపారులు తరతరాలుగా ఉన్నారు. మన దేశస్థుల్ని 'మ్వెన్యె' అంటారు. వీధిలో పిల్లలు నన్ను చూసి మొదట ఆ మాటే అరిచేవాళ్లు. సంవత్సరం తిరిగేసరికి 'అమాయి' అనడం మొదలుపెట్టారు. అమాయి అంటే అమ్మ. మన మాటకు ఎంత దగ్గరో చూడండి. మొదటిసారి ఆ పిలుపు విన్న రోజు ఇంటికి వెళ్లి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

తిండి విషయంలో నాకు ఏ ఇబ్బందీ లేకపోయింది. వాళ్ల న్సిమా అచ్చం మన సంకటే. రాగి బదులు మొక్కజొన్న పిండి. చేత్తో ముద్ద చేసుకుని న్దివోలో అద్దుకుని తింటారు. న్దివో అంటే కూర. గుమ్మడాకును దంచిన చెనిక్కాయ పొడితో ఉడికిస్తారు. మా అనంతపురం మనిషికి ఇంకేం కావాలి? ఊరిబిండి పచ్చడి నూరి పెడితే మా వార్డు నర్సులు వేళ్లు నాక్కుంటూ తిన్నారు. వాళ్ల ఊళ్లలో వేసే ఎర్ర గింజ చెనిక్కాయ రకం 'సీజీ 7' మన పటాన్‌చెరులో కేంద్ర కార్యాలయం ఉన్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు తయారుచేసింది. 1990లో అక్కడ విడుదలైంది. కందులైతే దక్షిణ మలావీ అంతా ఉంటాయి, నన్దోలో అంటారు. ఏటా 50,000 టన్నుల చొప్పున అయిదేళ్లు కొంటామని 2021లో మన దేశం వాళ్లతో ఒప్పందం కూడా చేసుకుంది. ఈరోజు మీ ఇంట్లో ఉడికిన పప్పు ఆ కొండ కింద ఏ తల్లో చెరిగి ఎత్తిన కంది కావచ్చు.

కష్టాలు చెప్పకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. 2022లో మొదలైన కలరా ఏడాదికి పైగా తగ్గలేదు. 1,700 మందికి పైగా చనిపోయారు. అది తగ్గకముందే, 2023 మార్చిలో 'ఫ్రెడ్డీ' తుపాను వచ్చింది. ఆస్ట్రేలియా పక్కన పుట్టి హిందూ మహాసముద్రం మొత్తం దాటి వచ్చిన తుపాను. ఒకసారి తీరం తాకి, సముద్రంలోకి వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చింది. కొండచరియలు విరిగి ఊళ్లమీద పడ్డాయి. మా ములాంజె, పక్క ఫలోంబె, చిరాద్జులు, బ్లాంటైర్ శివార్లు అన్నీ దెబ్బతిన్నాయి. చనిపోయినవాళ్లూ గల్లంతైనవాళ్లూ కలిపి దేశమంతటా వెయ్యి మంది పైమాటే. కరవు సీమ దాన్ని, నీళ్లను అలా చూడడం నాకు మొదటిసారి. ఆ నాలుగు రోజులూ మేం ఇళ్లకు వెళ్లలేదు. వార్డులో 14 మంది బిడ్డలు. కరెంటు లేదు, పైనుంచి కారుతోంది. 14 మంది తల్లుల్నీ మూడు మంచాలు కలిపి దగ్గర దగ్గరగా కూర్చోబెట్టి బిడ్డల్ని కట్టాం. ఒకావిడ తన ఇల్లు కొట్టుకుపోయిందని రెండో రోజే విన్నది. బిడ్డను విప్పలేదు. ఆ 14 మందిలో ఇద్దరిని పోగొట్టుకున్నాం. వాళ్ల బరువులు నాకు గుర్తున్నాయి. 980 గ్రాములు, 1,140 గ్రాములు.

ఆ తర్వాత నవంబరులో వాళ్ల డబ్బు క్వాచా విలువ తగ్గించారు, డాలరు ధర ఒక్కసారి 44 శాతం పెరిగింది. 2024లో వానల్లేక ఎండిపోయిన మొక్కజొన్న చేలు చూసినప్పుడు మా ఊరు గుర్తొచ్చింది. 28 జిల్లాలకు 23 జిల్లాల్లో విపత్తు ప్రకటించారు. షెడ్డులో రోజుకు రెండుసార్లు వెలిగే పొయ్యిలు ఒకసారికి వచ్చాయి.

మా అమ్మ 2023 అక్టోబరులో పోయింది.

ఇక్కడ తెల్లవారుజాము అయిదు. అక్కడ మూడున్నర గంటలు వెనక, రాత్రి ఒంటిగంటన్నర. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. బ్లాంటైర్ దాకా రోడ్డు, అక్కడి నుంచి అడిస్ అబాబా, అక్కడి నుంచి ముంబయి. ఎంత తొందరపడ్డా మూడో రోజుకు గాని ధర్మవరం చేరలేను. అన్ని రోజులు అమ్మను ఉంచలేరు. తమ్ముడికి కానివ్వమని చెప్పాను. చెప్పి ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చున్నాను. దేశం కాని దేశంలో ఒక్కదాన్నే గోడకు ఆనుకుని. సేవ చేస్తానని వచ్చి కన్నతల్లికి చివర గుక్కెడు నీళ్లు పోయలేకపోయాననే బాధ ఈరోజుకీ ఉంది. వెళ్లాలనుకునేవాళ్లు ఇది తెలుసుకునే వెళ్లాలి.

ఎవరు చెప్పారో తెలియదు, తెల్లారక ముందే తలుపు చప్పుడైంది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, మేట్రన్, పక్కింటావిడ వచ్చారు. ఒక్క మాట మాట్లాడకుండా ముందుగదిలో కుర్చీలన్నీ బయట పెట్టారు. చాపలు పరిచారు. "పెపాని, అమాయి" అన్నారు. పెపాని అంటే క్షమించమనీ, అయ్యో అనీ, నీ బాధ నాదీ అనీ అన్నీ. దారిలో ఎవరికైనా కాలికి రాయి తగిలినా వాళ్లు ఆ మాటే అంటారు. మగవాళ్లు బయట చెట్టు కింద కూర్చున్నారు, ఆడవాళ్లు లోపల నా చుట్టూ. పొద్దెక్కేకొద్దీ వస్తూనే ఉన్నారు. పిండి తెచ్చారు, కట్టెలు తెచ్చారు, ఒక పళ్లెంలో తలా కొంత డబ్బు వేశారు. ఎనిమిది నెలల కిందట బిడ్డను కట్టుకుని వెళ్లిన ఒక తల్లి ఏడు కిలోమీటర్లు నడిచి వచ్చింది, వీపున అదే బిడ్డ. సాయంత్రం పాటలు మొదలుపెట్టి తెల్లవార్లూ పాడారు. నాకు సగం మాటలు అర్థం కాలేదు. మా ఊళ్లో అమ్మ పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లెందరో, అక్కడ మా అమ్మ పేరు కూడా తెలియకుండా నాతో కూర్చున్నవాళ్లు అంతమంది.

మొదటి ఆరు నెలల్లో అయివుంటే వాళ్లు ఇలా వచ్చేవాళ్లు కాదు. వచ్చినా నాకు వాళ్లతో ఎలా కూర్చోవాలో తెలిసేది కాదు.

పదకొండో రోజుకు ఇంటికి వచ్చాను. మూడు వారాలుండి తిరిగి బయల్దేరుతుంటే "ఇంకా ఎందుకు, అమ్మే పోయింది కదా" అన్నారు అందరూ. ఇంకా ఒక సంవత్సరం పని మిగిలింది. వెళ్లాను.

మలావీలో ఒక చిన్న నర్సు నన్నొక ప్రశ్న అడిగింది. "అమాయి, మా కాలేజీలో నాతో చదివినవాళ్లు కొంతమందికి ఇంకా ఉద్యోగం లేదు. ప్రభుత్వం దగ్గర జీతాలకు డబ్బు లేదట. మీరు ఇక్కడెందుకున్నారు?" చాలా సూటి ప్రశ్న. 2000 తర్వాతి ఏళ్లలో అక్కడి నర్సులు పెద్ద సంఖ్యలో బ్రిటన్ వెళ్లిపోయి వార్డులు ఖాళీ అయితే, 2004లో జీతాలకు 52 శాతం అదనంగా కలిపి ఆపడానికి ప్రయత్నించారు. ఇప్పుడు చదివినవాళ్లు ఉన్నారు, పోస్టులు లేవు. నేను ఒక పోస్టులో కూర్చుంటే ఆ పిల్ల స్నేహితురాలి అన్నం నేను తిన్నట్టే. అందుకని డ్యూటీ పట్టికలో నా పేరు ఒంటరిగా వేయవద్దని మేట్రన్‌ను అడిగాను. ఎప్పుడూ ఒక మలావీ నర్సు పక్కనే పనిచేశాను, ఆమెకు తోడుగా. మూడో సంవత్సరం వచ్చేసరికి బిడ్డల్ని కట్టే పని, రికార్డు రాసే పని, అగోగోలను ఒప్పించే పని అన్నీ వాళ్లే నడిపారు. చివరి నాలుగు నెలలు నేను ఎక్కువగా సీసాలు కడిగాను. వాలంటీరు పని సరిగా జరిగితే చివర అలాగే ఉండాలని నా అభిప్రాయం.

దూరదేశం వెళ్లి ఉండిపోవడం మన జిల్లాకు తెలియని సంగతి కాదు. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చారు. అంతకు ముందే మహారాష్ట్ర నుంచి ఆయనను వెళ్లగొట్టారు. వచ్చి ఎంతకాలమున్నారు? 2009లో అనంతపురంలోనే కన్నుమూసేదాకా, 40 ఏళ్లు. బత్తలపల్లి ఆసుపత్రి, ఊరూరా ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కట్టిన ఇళ్లు, బడులు మేం ఏళ్ల తరబడి చూస్తున్నవే. ఆయన తెలుగు నేర్చుకోకుండా, మా చెనిక్కాయ చేలు ఎందుకు ఎండుతున్నాయో తెలుసుకోకుండా రెండు వారాల్లో వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేది?

వయసైపోయింది ఇప్పుడేం వెళ్తాం అనేవాళ్లకు ఇంకో పేరు చెప్తాను. అమెరికా ప్రభుత్వం 1961లో పీస్ కోర్ మొదలుపెట్టింది. 1976 దాకా ఆ వాలంటీర్లు మన దేశంలో పనిచేశారు. వాళ్లలో ఒకావిడ లిలియన్ కార్టర్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి. ఆవిడా నర్సే. 1966లో 68 ఏళ్ల వయసులో వచ్చి ముంబయి దగ్గర విఖ్రోలిలో కార్మికుల కాలనీ ఆసుపత్రిలో దాదాపు రెండేళ్లు పనిచేసింది. నేను వెళ్లినప్పుడు నాకు 52.

ఇప్పుడు నా విన్నపం. నేను వెళ్లేముందు జీతం లేని సెలవు కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. పద్నాలుగు నెలలు తిరిగాను. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెళ్లడానికి ఆ కాగితానికి నెలలు పట్టేది. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. చివరికి వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నాను. తిరిగి వచ్చాక ఆ వార్డులోకి వెళ్లి పనిచేసే హక్కు నాకు లేదు. మలావీ నుంచి నేను తెచ్చుకున్నది మన పిల్లల వార్డుకు పనికొస్తుంది. మనకూ మారుమూల మండలాలున్నాయి, కరెంటు పోయే రాత్రులున్నాయి, బిడ్డను విప్పి బయటికి వెళ్లే తల్లులున్నారు. మన దగ్గర ఆ తల్లి ఎందుకు వెళ్తోందో నేను 11 ఏళ్లలో ఒక్కసారీ అడగలేదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుభవమున్న నర్సులు, టీచర్లు, వ్యవసాయాధికారులు రెండు మూడేళ్లు వాలంటీర్లుగా వెళ్లి తిరిగి తమ కుర్చీలోకే వచ్చేలా సెలవు ఇవ్వాలి. దరఖాస్తుకు మూడు నెలల్లో ఔననో కాదనో ఒక జవాబు చెప్పాలి. అంతకంటే నేను అడిగేదేమీ లేదు.

మీ పత్రికను ఒకటి అడుగుతాను. అలాంటి ఫొటో మళ్లీ వస్తే ఆ బిడ్డ తల్లిని ఎవరైనా అడిగారా అని ఫోన్ చేసి కనుక్కోండి. అడగకపోతే వేయకండి.

ఆ వ్యాసం చదివి మా ఇంటికి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఒకతె నర్సింగు చివరి సంవత్సరం. రెండు వారాల ప్యాకేజీకి కట్టడానికి వాళ్ల నాన్న అప్పు తెస్తానన్నాడట. ఆ డబ్బు ఉంచుకుని ముందు ఇక్కడ అయిదేళ్లు పనిచేయమని చెప్పాను. చిన్నబుచ్చుకుని వెళ్లింది. రెండో అమ్మాయి పదమూడేళ్లుగా స్టాఫ్ నర్సు, ప్రసవాల వార్డు. పిల్లలు ఎనిమిదీ పదీ చదువుతున్నారు, భర్త సరే అన్నాడు. మూడు గంటలు కూర్చుని అన్నీ అడిగింది. చలికి ఏం వేసుకోవాలి, అమ్మానాన్నలకు ఏమన్నా అయితే ఎలా, చిచేవా ఎన్నాళ్లకు వస్తుంది. 'ములి బ్వాంజీ' నుంచి మొదలుపెట్టి ఇరవై మాటలు ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. సెలవు కోసం ఆమె పోయిన నెల దరఖాస్తు పెట్టింది. ఇంకా జవాబు రాలేదు. ఆ ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీదుందో, వాళ్లు మీ పత్రిక చదివేవాళ్లయితే ఈ ఉత్తరం చూడాలని కోరుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత నర్సు,
ధర్మవరం